సూరతు శరత్తు – చిన్న బొంత

నగరముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా కోటలను, యుద్ధములను, పాలకుల వంశములను, వర్తకుల లెక్కలను ఆధారముగా గైకొందురు. సూరతు నగర చరిత్రయు అట్లే వ్రాయబడినది. 1573లో అక్బరు పాదుషా ఈ నగరమును స్వాధీనము చేసికొనుట, 1613లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకి ఇచ్చట వర్తకశాల నెలకొల్పుకొనుటకు అనుమతి లభించుట, 1664లోను 1670లోను శివాజీ దండెత్తి వచ్చుట, 1759లో ఆంగ్లేయులు కోటను వశపరచుకొనుట, 1907 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ ఇచ్చటనే రెండుగా చీలుట మున్నగునవి బడిపిల్లలకు సైతము పరిచితములైన విషయములు. ఈ నగరము వస్త్రము వలన ప్రసిద్ధి కెక్కినదనియు అందరెరుగుదురు. అయితే ఆ వస్త్రము అంగడినుండి ఇంటికి వచ్చి, కట్టి విడిచి, చినిగి పాతబడిన పిదప ఏమైనదను ప్రశ్నకు వర్తకుల పుస్తకములలో జవాబు దొరకదు. ఆ జవాబు ఇంటిలో మడతపెట్టియుంచిన బొంతలో దొరకును.

వస్త్రము యొక్క జీవితములో బొంత కడపటి అధ్యాయము. వర్తకుడు గజములు లెక్కించెను. పాలకుడు సుంకము లెక్కించెను. బొంత కుట్టిన స్త్రీ వేసిన కుట్లను మాత్రము ఎవ్వరును లెక్కింపలేదు. సూరతునకును తెలుగుదేశమునకును గల దీర్ఘసంబంధమును తలచునపుడు ఈ లోపము మరింత స్పష్టముగా కనబడును. ఒకప్పుడు బందరు అద్దకపు గుడ్డలును, సూరతు రేవునుండి బయలుదేరిన బొంతలును ఒకే కంపెనీ ఓడలలో పడమటి దేశములకు పోయినవి. నేడు తెలంగాణమునుండి వచ్చిన నేతకుటుంబములు సూరతులో స్థిరపడి ఈ నగరపు మగ్గములను నడుపుచున్నవి. ఈ రెండు కాలములను కలిపి కుట్టుటకు చిన్న బొంతయే తగిన దారము.

ఋతువు

సూరతు తాపీనది ఒడ్డున, సముద్రమునకు సమీపమున ఉన్న ఊరు. ఇచ్చట వర్షము అధికము, చలి స్వల్పము. భాద్రపదము గడచునప్పటికి నదిలో ఎర్రనీరు తేటపడును, ఆకాశము నిర్మలమగును, పగటి ఎండ మాత్రము మరల వేసవిని తలపించును. ఆశ్వయుజమున తెల్లవారుజామున కొంచెము చల్లబడును. అట్టివేళ బరువైన రజాయి కప్పుకొనినచో ఉక్కపోయును. ఏమియు కప్పుకొనకున్నచో పసిపిల్లలు ముడుచుకొని పడుకొందురు. నాలుగైదు పొరల మెత్తని చిన్న బొంత ఈ ఋతువునకే పుట్టినట్లుండును. ఉత్తరదేశమున హేమంతమునకు గావలసిన మందపు దుప్పట్లతో సూరతువారికి అంతగా పనిలేదు.

శరత్కాలము పూర్వము ఈ నగరమునకు వ్యాపారకాలము కూడ. వర్షకాలమున పడమటి తీరపు రేవులు ఓడలకు అనుకూలములు కావు. గాలివాన తగ్గిన పిదపనే దూరదేశపు ఓడలు వచ్చుచుండెడివి. ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు పంపిన రాయబారి సర్ థామస్ రో 1615 సెప్టెంబరులోనే సూరతు సమీపముననున్న సువాలి రేవునకు చేరెను. ఓడలు వచ్చువేళకు సరకు సిద్ధముగా నుండవలెను గనుక నేతగాండ్రకును, అద్దకమువారికిని, దర్జీలకును వర్షకాలమంతయు పనిదినములే. శరత్తు రాగానే మూటలు కట్టబడెడివి, బేరములు సాగెడివి, చేతిలో డబ్బు ఆడెడిది.

ఇంటిలోపల ఈ ఋతువు మరియొక విధముగా వచ్చును. వానలలో చెమ్మగిల్లిన పెట్టెలు తెరచి, బట్టలన్నియు మేడపై ఎండవేయుదురు. ఆ ఎండలో పాతచీరలు బయటపడును. ఏది ఇంకను కట్టదగినది, ఏది ఇక బొంతకు పోవలసినది అను విచారణ అప్పుడే జరుగును. బజారులో సీతాఫలములు వచ్చును. వీధులలో నవరాత్రుల గర్బా పాటలు వినబడును. శరత్పూర్ణిమ రాత్రి గుజరాతీలు అటుకులు కలిపిన పాలను వెన్నెలలో ఉంచి సేవింతురు. మరునాడు, అనగా ఆశ్వయుజ బహుళ పాడ్యమినాడు, సూరతువారికి ప్రత్యేకమైన చాందనీ పడవో పండుగ. మైదాపొరలో కోవా, పిస్తా, బాదము కూరి, వేయించి, పైన నేయి గడ్డకట్టించిన ఘారీ అను మిఠాయిని ఆ రాత్రి కుటుంబసమేతముగా మేడలపైనను ఆరుబయటను కూర్చుండి తిందురు. అదియైన రెండవనాడే కోస్తా తెలుగిండ్లలో అట్లతద్ది. గుజరాతీలును తెలుగువారివలెనే అమావాస్యతో ముగియు మాసములను పాటింతురు గనుక ఈ పండుగల వరుసలో చిక్కులేదు. ఒక ఇంటి వెన్నెల కబుర్లు ముగియునప్పటికి పొరుగింట అట్లపెనము వేడెక్కును. అట్టి రోజులలో మధ్యాహ్నపు తీరికవేళ చాపమీద బొంత పరచుకొని సూది పట్టుట ఈ ఋతువిచ్చు చిన్న సుఖములలో ఒకటి.

పేరు

తెలుగులో బొంత అను మాటకు సమీపముగా సంస్కృతమున కంథ అను మాట కలదు. సన్న్యాసులు, యోగులు ధరించు అతుకుల వస్త్రమునకు ఆ పేరు ప్రసిద్ధము. బౌద్ధభిక్షువుల చీవరము సైతము ముక్కలు అతికి కుట్టినదే. మగధదేశపు వరిమళ్ళ గట్లను చూపి, ఆ తీరున చీవరమును కుట్టింపుమని బుద్ధుడు ఆనందునితో చెప్పినట్లు వినయపిటకము తెలుపుచున్నది. వంగదేశమున కాంథా, బీహారమున సుజని, కన్నడదేశమున కౌది, మహారాష్ట్రమున గోధడి అను పేర్లతో ఇది దేశమంతట కలదు. గుజరాతీలో గోదడుం అనిన పెద్దది, గోదడి అనిన చిన్నది. సౌరాష్ట్రపు పల్లెయిండ్లలో గోదడులను మడతపెట్టి పేర్చుటకు డామచియో అను కొయ్యపీఠము ఉండును. ఆ దొంతర ఎత్తును చూచి వచ్చినవారు ఇంటి సంపన్నతను గ్రహింతురు. వజ్రముల పనికై సౌరాష్ట్రమునుండి సూరతునకు వచ్చి స్థిరపడిన కుటుంబములు ఎన్నియో కలవు.

బొంతకును రజాయికిని భేదమున్నది. రజాయి రెండుగుడ్డల నడుమ ఏకిన దూది నింపి కుట్టినది. బొంతలో దూది లేదు. పాతగుడ్డల పొరలే దాని దేహము. రజాయి కొనవచ్చును. బొంతను మాత్రము ఇంటిలో ఉన్నదానితోనే చేసికొనవలెను. ఏ ఇంటి బొంతలో ఆ ఇంటి గుడ్డలే యుండును. తెలుగువారు కుదురులేని ఏర్పాటును హేళనగా అతుకుల బొంత అందురు. కుట్టు ఎరుగనివారు వాడిన మాట అది కావలెను. చక్కగా కుట్టిన బొంతలో అతుకు దగ్గరనే బలమెక్కువ, ఏలయనగా అచ్చట గుడ్డ రెండింతలు, కుట్టు రెండింతలు.

వర్తకుల పుస్తకములు

గుజరాతు బొంతలు పరదేశీయుల దృష్టి నాకర్షించుట సూరతులో ఆంగ్లేయులు దిగుటకు శతాబ్దము ముందే జరిగినది. పదునారవ శతాబ్ది ప్రారంభమున ఈ తీరమును వర్ణించిన పోర్చుగీసు వాడు డువార్తె బర్బోజా ఖంభాతు నగరమున తయారగు అందమైన పరుపు దుప్పట్లను ప్రశంసించెను. పోర్చుగీసువారు వీనిని కొల్చా అని పిలిచి, తమ దేశమునకు కొనిపోయిరి. తరువాత సూరతులోని ఆంగ్లేయ వర్తకుల ఉత్తరములలోను అద్దకపు గుడ్డతో కుట్టిన బొంతల ప్రస్తావన 1610 దశకమునుండియే కానవచ్చును. మిరియములకును నీలిమందునకును వచ్చినవారు మెల్లమెల్లగా పడకగది సామగ్రికి కూడ గిరాకీ ఉన్నదని గ్రహించిరి.

ఈ కథలో తెలుగుదేశము అప్పుడే ప్రవేశించినది. ఆంగ్లేయులు మచిలీబందరులో వర్తకశాల పెట్టినది 1611లో, సూరతు అనుమతికి రెండేండ్లు ముందు. గోలకొండ రాజ్యములోని బందరు ప్రాంతపు కలంకారీ పనితనము లోకప్రసిద్ధము. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథమున కలముతో చిత్రించిన గుడ్డలు గోలకొండ రాజ్యమున, ముఖ్యముగా మచిలీబందరు చుట్టుపట్ల, తయారగుననియు, అవి పరిమితముగానే దొరకుననియు వ్రాసెను. అచ్చుతో అద్దిన చీటీగుడ్డలు పడక కప్పులకును, దిండుగలీబులకును వినియోగపడుచుండెనని ఆయనయే తెలిపెను. సూరతునుండి గోలకొండకు పోవు మార్గమును మజిలీలతో సహా ఆయన వివరించి యున్నాడు.

ఐరోపాలో ఈ అద్దకపు గుడ్డల మోజు ఎంతగా ప్రబలెననగా అచ్చటి నేతగాండ్రు తమ బ్రతుకు పోవుచున్నదని గగ్గోలు పెట్టిరి. ఫ్రాన్సు 1686లో వీనిని నిషేధించెను. ఇంగ్లండు 1700లో ఒక చట్టమును, 1721లో మరింత కఠినమైన మరియొక చట్టమును చేసెను. ఒక బందరు అద్దకపువాని కలము, ఒక గుజరాతు దర్జీ సూది కలిసి రెండు మహారాజ్యముల ప్రభుత్వములను కదిలించినవనుట అతిశయోక్తి కాదు. లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలయందును, 1949లో అహమ్మదాబాదున స్థాపితమైన కాలికో వస్త్రప్రదర్శనశాలయందును పూర్వకాలపు భారతీయ వస్త్రములు భద్రపరచబడి యున్నవి. అయితే అచ్చట చేరినవి దూరదేశపు ధనికులకొరకు చేసిన మేలైన సరకులు. ఇంటిబిడ్డకై కుట్టిన చిన్న బొంత ప్రదర్శనశాలకు చేరుట అరుదు. అది అరిగిపోవువరకు వాడబడును. అరిగిన పిదప మసిగుడ్డయగును.

దూది కథ

సూరతు పేరు పంతొమ్మిదవ శతాబ్దిలో లోకమంతట వినబడుటకు వేరొక కారణము కలిగెను. 1861నుండి 1865వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధము వలన అచ్చటి పత్తి ఇంగ్లండునకు రాకుండ ఆగిపోయెను. లాంకషైరు మిల్లులు భారతదేశపు పత్తిని కొనవలసివచ్చెను. ఈ పత్తికంతకును వ్యాపారమున సూరతు అను పేరే వాడుకైనది. పింజ పొట్టిది, చెత్త ఎక్కువ, పొడవు పింజకు అలవాటుపడిన యంత్రములపై పోగు మాటిమాటికి తెగెడిది. పోగు తెగిన కొలది కార్మికుని కూలి తగ్గెను. దేవుడు పత్తినిచ్చిన మేలేగాని సూరతు పత్తి మాత్రము వలదని అచ్చటివారు ప్రార్థించిరను కథ కలదు. అట్లు ఇంగ్లండులో సూరతు అను మాట కొంతకాలము నాసిరకమునకు పర్యాయపదమయ్యెను.

మిల్లునకు దోషమైన గుణమే రజాయికి మేలైనది. పొట్టి పింజ గల నాటుపత్తి గరుకుగా, పొంకముగా నుండును. అదిమినను మరల లేచును. సన్నని పొడవు పింజ మెత్తనిదే గాని త్వరలో అణగి గడ్డకట్టును. అందుచే దూదినేకి పరుపులు నింపువారికి నాటుపత్తిపైననే మక్కువ. వీరిని గుజరాతులో పింజారాలందురు. తెలుగుదేశమున దూదేకులవారందురు, పింజారీలను పేరును తెలుగువారికి తెలిసినదే. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యుడైన సిద్దయ్య దూదేకులవాడగుటచే ఆ పేరు తెలుగిండ్లలో భక్తితో స్మరింపబడుచున్నది. పెద్ద విల్లును భుజమున వ్రేలాడదీసికొని, నారి మ్రోగించుచు వీధివెంట పోవు దూదేకువాని ధ్వని రెండు దేశములలోను వర్షకాలము ముగిసినదని తెలుపు గుర్తు. వానలలో చెమ్మ పట్టి ముద్దలైన దూదిని విప్పి, విల్లునారితో ఏకి, మరల మేఘమువలె తేలికపరచి నింపుట వాని పని.

1938 ఫిబ్రవరిలో సుభాస్ చంద్రబోసు అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ సూరతు జిల్లాలో తాపీతీరమునగల హరిపుర గ్రామమున జరిగెను. గాంధీజీ కోరికపై శాంతినికేతనపు చిత్రకారుడు నందలాల్ బోసు ఆ సభాస్థలిని అలంకరించుటకు గ్రామజీవనమును, వృత్తులవారిని చిత్రించెను. ఆ చిత్రములలో విల్లుపట్టి దూదినేకువాని చిత్రము కూడ కలదు. నాయకుల ఉపన్యాసములను పత్రికలు ప్రకటించినవి. దూదేకువానిని మాత్రము ఒక చిత్రకారుడు జ్ఞాపకముంచుకొనెను.

పత్తి కథ అంతటితో ముగియలేదు. ఏ నగరము పేరు నాసిరకము పత్తికి మారుపేరైనదో ఆ సూరతులోని పత్తి పరిశోధనా కేంద్రమునందే 1970లో సి. టి. పటేలు హెచ్–4 అను సంకరజాతి పత్తిని విడుదల చేసిరి. వ్యాపారపు సాగునకు వచ్చిన సంకరపత్తులలో ప్రపంచమున ఇదియే మొదటిది. మిల్లులు కోరిన పొడవు పింజ లభించినది. నాటుపత్తి సాగు మాత్రము క్రమముగా తగ్గిపోయినది.

తెలుగు చేతులు

1666–67లో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో సూరతునుండి ఔరంగాబాదు, నాందేడు, ఇందూరు, ఇందల్వాయిల మీదుగా గోలకొండకు ప్రయాణము చేసెను. ఇందూరనగా నేటి నిజామాబాదు. ఆ దారివెంట అప్పుడు వర్తకుల ఎడ్లబండ్లు నడిచినవి. మూడువందల యేండ్ల పిదప అదే దిక్కున, ఎదురుగా, తెలంగాణపు నేతగాండ్రు రైలుబండిలో వచ్చిరి.

మిల్లుబట్ట పోటీవలన చేమగ్గము కుంటువడగా పద్మశాలీలు పంతొమ్మిదవ శతాబ్దపు చివరినుండి షోలాపురమునకును, బొంబాయికిని, అటుపిమ్మట భివండికిని వలసపోయిరి. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున సూరతులో కృత్రిమపట్టు నేయు మరమగ్గములు విస్తరింపగా వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ మున్నగు జిల్లాలనుండి కుటుంబములు ఇచ్చటికి చేరినవి. లింబాయతు, ఉధనా ప్రాంతములలో తెలుగు మాట నిత్యము వినబడును. సూరతు నగరపాలక సంస్థ విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా భాషలతోబాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నడపుచున్నది. మార్కండేయమహర్షిని కులమూలపురుషునిగా కొలుచు పద్మశాలీలు శ్రావణపూర్ణిమనాడు నూలుపండుగ జరుపుకొందురు.

శరత్తులో ఈ కుటుంబముల ఆనందము రెండింతలు. గుజరాతీ స్త్రీలు రంధ్రములు గల కుండలో దీపముంచి దానిచుట్టు చప్పట్లతో గర్బా ఆడుదురు. తెలంగాణ స్త్రీలు తంగేడు, గునుగు, బంతి పూలను దొంతరగా పేర్చి దానిచుట్టు చప్పట్లతో బతుకమ్మ ఆడుదురు. ఒకచోట నడుమ దీపము, ఒకచోట నడుమ పూవు, వలయము మాత్రమొక్కటే. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగియు ఈ పండుగను తెలంగాణ ప్రభుత్వము 2014లో రాష్ట్రపండుగగా ప్రకటించెను. సూరతులోని తెలుగువారును దీనిని విడువక జరుపుకొనుచున్నారు.

ఇంటినుండి వలసవచ్చువారు తెచ్చుకొను సామగ్రిలో బొంత ముఖ్యమైనది. ప్రయాణమున అది మూటకట్టు గుడ్డ, రైలులో పరుపు, కొత్తయింట పిల్లల పడక. కంచము, చెంబు కొత్త ఊరిలో కొనవచ్చును. అవ్వ చీర కొనుటకు రాదు.

చిన్న బొంత కుట్టు తీరు

పురిటిబిడ్డను మొదట పాతగుడ్డలో పరుండబెట్టుట తెలుగువారి ఆచారము. దీనికి లౌకికమైన కారణము స్పష్టమే. కొత్తగుడ్డకు గంజి యుండును. అది బిడ్డ ఒంటికి గరుకు. ఏండ్లతరబడి ఉతికిన నూలుచీర మెత్తదనము కొత్తగుడ్డకు రాదు. అందువలన చిన్న బొంతకు అమ్మమ్మ చీరయు, నాయనమ్మ చీరయు, తాత పంచెయు మొదట ఎంపికయగును.

చీరలను ఉతికి, ఎండవేసి, చినిగిన భాగములను తొలగింతురు. జరీ అంచు ఉన్నచో కత్తిరించివేయుదురు. అది పసిచర్మమున గీరుకొనును. తెలుగుపెండ్లి పట్టుచీరలకు జరీ పంపు ఊరు సూరతే యగుట ఇచ్చట జ్ఞాపకమునకు రాకమానదు. పిదప మిక్కిలి మెత్తని గుడ్డను అడుగున పరచి, నడుమ చిన్నముక్కల పొరలు పేర్చి, మీద రంగు నిలిచిన గుడ్డను కప్పుదురు. నడిమి ముక్కలు ఒకదానిపై నొకటి ఎక్కి గుట్టగా లేవకుండ అంచులు కలిపి పరచుటలోనే నేర్పున్నది. తరువాత నాలుగువైపుల అంచులు లోపలికి మడిచి, పొరలు జారకుండ పెద్ద పెద్ద కుట్లతో నిలుపుదురు. ఈ కుట్లు తాత్కాలికములు. పని ముగిసిన పిమ్మట లాగివేయుదురు. అసలు కుట్టు ఆ తరువాత మొదలగును. సూదిని క్రిందికి దింపి పైకి తీయుచు, వరుసవెంట వరుసగా, పంటకాలువలవలె తిన్నగా సాగు సాదాకుట్టు అది. కొందరు అంచునుండి లోపలికి చదరములో చదరముగా కుట్టుకొనుచు నడుమకు చేరుదురు. వంగదేశపు స్త్రీలు పాతచీర అంచునుండి లాగిన రంగుపోగులనే దారముగా వాడెడివారు.

రెండు మూరల పొడవు, మూరన్నర వెడల్పు గల పసిబిడ్డ బొంతను తీసికొనినచో, అది 36 అంగుళముల పొడవు, 27 అంగుళముల వెడల్పు. అంగుళమునకొక వరుస, అంగుళమునకు నాలుగు కుట్లు చొప్పున లెక్కించినచో 27 వరుసలు, ఒక్కొక్క వరుసకు 144 కుట్లు, మొత్తము 3,888 కుట్లు పడును. దినమునకు రెండు వరుసల వంతున ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు ఆరంభించిన బొంత చతుర్దశినాటికి ముగియును. పూర్ణిమనాడు అంచు సరిచూచుకొని, ఆ రాత్రి వెన్నెలలో పాలు త్రాగువేళకు బిడ్డపై కప్పవచ్చును. కంపెనీ పుస్తకములలో వ్రాయబడని లెక్క ఇది. శతాబ్దులుగా ఈ దేశమున ఎన్ని ఇండ్లలో ఇట్లు ఎన్ని వేల కుట్లు పడినవో ఊహింపవలసినదే.

మిగిలినది

ఇప్పుడీ చిన్న బొంతకు సూరతులోనే కష్టము వచ్చినది. దేశమున కృత్రిమతంతు వస్త్రములకు ఈ నగరము ప్రధానకేంద్రము. ఇచ్చట నేసిన చీరలు తెలుగుదేశపు ప్రతి సంతలోను దొరకును. అవి చౌక, నలగవు, రంగు వెలియవు. కష్టజీవి అయిన స్త్రీకి అవి చేసిన ఉపకారము తక్కువది కాదు. కాని ఆ గుడ్డ చెమటను పీల్చదు. ఎన్నిసార్లు ఉతికినను నూలుచీరవలె మెత్తబడదు. పొరలుగా పేర్చినచో జారిపోవును. నూలుచీర కట్టిన తరము గడచిపోగా, బొంతకు తగిన పాతగుడ్డ పెట్టెలో మిగులుట లేదు. నేసినవాని ఇంటిలోనే నూలుగుడ్డ కరవగుట ఈ కాలపు విచిత్రము.

రెండవ కష్టము తీరికది. సూరతులో ఎందరో స్త్రీలు ఇంటివద్దనే చీరలకు లేసు కుట్టుట, రాళ్ళు అతికించుట మున్నగు పనులు చీరకింత కూలి చొప్పున చేయుదురు. దినమంతయు పరుల చీరలపై వంగిన కన్నులకు సాయంకాలము సొంతబొంతపై సూది దింపుట భారము. పండుగల ముందు, అనగా సరిగా బొంతల ఋతువునందే, అంగళ్ళ గిరాకీ పెరిగి ఆ పని మరింత ఎక్కువగును. ఒకనాడు శరత్తు ఓడల ఋతువైనపుడును ఇట్లే యుండి యుండవలెను.

అయినను బొంత విలువ ఏమో ఈ నగరము ఆపదలలో చూచినది. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పుట్టగా లక్షలమంది కూలివారు కొద్దిదినములలో నగరమును విడిచి స్వస్థలములకు తరలిరి. చేతికందినదానిని బొంతలో చుట్టుకొని పోవుటకంటె వారికి వేరు మార్గములేదు. మరుసటి యేడు నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు కాలమున పారిశుద్ధ్యము చక్కబడగా సూరతు పరిశుభ్రతకు పేరొందెను, పోయినవారు తిరిగివచ్చిరి. 2006 ఆగస్టులో తాపీ వరద నగరములో అధికభాగమును ముంచెత్తెను. నీరు చొచ్చిన ఇంటిలో దూదిపరుపు పనికిరాకుండ పోవును. బొంతను మాత్రము ఉతికి, ఎండవేసి, ఊడిన కుట్లు వేసికొని మరల కప్పుకొనవచ్చును.

బొంత కుట్టకున్న సంసారము నిలువదని ఎవరును చెప్పజాలరు. కొన్న దుప్పటి కప్పుకొనినను చలి ఆగును. స్త్రీలను మరల సూదికి కట్టివేయవలెనని కోరుటయు న్యాయముకాదు. పైగా మగవారు కుట్టరాని పనియు కాదిది. దర్జీలలోను, దూదేకులవారిలోను, కలంకారీ పనివారిలోను మగవారు పలువురుండిరి. పోగొట్టుకొనరానిది బొంతలోనున్న జ్ఞాపకము. ఏ చీర ఎవరిది, ఏ పెండ్లికి కొన్నది, ఏ ఊరి మగ్గముపై నేసినది, ఏ యేట ఎవరు కుట్టినది అను వృత్తాంతము కుట్టినవారు జీవించియున్నంతవరకే తెలియును. వారు పోయిన పిదప అది ఉత్త గుడ్డలదొంతర.

అందుచేత ఇండ్లలో పాతబొంతలున్నవారు ఈ శరత్తున ఎండవేయునపుడు చిన్నపని ఒకటి చేయవచ్చును. పెద్దలను అడిగి, ఒక్కొక్క గుడ్డ కథను కాగితముమీద వ్రాసికొనవచ్చును. కొత్తగా కుట్టువారు ఒక మూలను దారముతోనే సంవత్సరమును, తమ పేరును కుట్టవచ్చును. నాలుగువేల కుట్లు వేసిన చేతికి మరి పది కుట్లు బరువు కావు. బందరు కలముపట్టినవాని పేరు తెలియదు. కంపెనీకి బొంతలు కుట్టిన దర్జీ పేరు తెలియదు. లింబాయతులో మనుమరాలికై చాపమీద కూర్చుండి కుట్టు అవ్వ పేరైనను తెలియవలెను.